తుప్పు మీద పీహెచ్‌డీనా అని నవ్వుతున్నారు

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. ఎండ సాయంతో నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి గాజు మీద హెమటైట్ నానోరాడ్లు, అంటే కంటికి కనిపించనంత సన్నటి కడ్డీలు, పెంచుతున్నాను. హెమటైట్ అంటే ఐరన్ ఆక్సైడే కాబట్టి ‘తుప్పు మీద పీహెచ్‌డీనా’ అని ఇంట్లో ఒకటే నవ్వు. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. మా సీనియర్ రాసిపెట్టిన పద్ధతే పాటిస్తున్నా ఆయనకు వచ్చిన కరెంట్‌లో (అది ఎంతుంటే అంత హైడ్రోజన్) నాకు నాలుగో వంతు కూడా రావడం లేదు. రాడ్లు ఇంకా సన్నగా చేయనా? టాపిక్ మార్చుకోనా?
- ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: టాపిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి, ఫర్నేస్‌లో, అంటే కాల్చే కొలిమిలో, మీ గాజుముక్కను ఎక్కడ పెడుతున్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, నా పీహెచ్‌డీ కూడా ఈ ఎర్ర పొర మీదే. రాత్రి ఆటోక్లేవ్‌లో (ద్రావణాన్ని గట్టిగా మూసి వేడిచేసే పాత్ర) పెట్టి పొద్దున తీస్తే గాజు మీద పసుపు పొర. 550 డిగ్రీల దగ్గర కాలిస్తే ఇటుక రంగు. ఆ తర్వాత 800 డిగ్రీల దగ్గర ఓ పది నిమిషాలు. కథంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది. గాజు మీద కరెంట్ పారడానికి వేసిన టిన్ ఆక్సైడ్ పూత నుంచి కొంచెం టిన్ హెమటైట్‌లోకి పాకుతుంది. దాంతో పొరలో కరెంట్ పారడం మెరుగవుతుంది. వేడి చాలకపోతే టిన్ కదలదు, ఎక్కువైతే గాజే వంగిపోతుంది.

మూడో ఏడులో నాలుగు నెలలు నాకు ఒక శాంపిల్ బంగారం, మరోటి బూడిద. రసాయనాలు మార్చాను, నీళ్లు మార్చాను, చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి ఫర్నేస్‌లోకి విడిగా ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) దూర్చి చూస్తే, తలుపు దగ్గర వేడి మధ్యలో కన్నా 40 డిగ్రీలు తక్కువ! డిస్‌ప్లే మాత్రం దర్జాగా 800 చూపిస్తోంది. మంచి శాంపిల్స్ మధ్యలో పెట్టినవీ, చెత్తవి తలుపు పక్కన పెట్టినవీ అయి ఉండాలి. అయి ఉండాలి అనే అంటున్నాను, ఎందుకంటే ఏది ఎక్కడ పెట్టానో నా నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. మీ సీనియర్ నోట్‌బుక్‌లో కూడా ఉండదు. చేతికి అలవాటైన పని ఎవరూ రాసుకోరు. ఆయన అందుబాటులో ఉంటే పద్ధతి అడగకండి, ఒక శాంపిల్ చేసి చూపించమనండి. పక్కన నిలబడి చూడండి.

ఇక సన్నగా చేయడం గురించి. కాంతి పడ్డప్పుడు హెమటైట్‌లో ఒక ఎలక్ట్రాన్ లేస్తుంది, అది వదిలిన చోట ఖాళీ మిగులుతుంది. దాన్ని హోల్ అంటాం. నీటిని ఆక్సీకరణం చేయాల్సింది ఈ హోలే. చిక్కేమిటంటే, పాపం అది రెండు నుంచి నాలుగు నానోమీటర్లు నడిచేసరికే ఏదో ఎలక్ట్రాన్‌తో కలిసి చచ్చిపోతుంది. కాంతిని బాగా మింగాలంటే పొర కొన్ని వందల నానోమీటర్ల మందం ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరక పుట్టిందే నానోరాడ్. కాంతి నిలువునా దిగుతుంది, హోల్ అడ్డంగా పక్కనున్న నీటికి చేరుతుంది, ఎలక్ట్రాన్ కాండం పట్టుకుని గాజు దాకా పోతుంది. చిన్నగా చేస్తే మహిమేదో వస్తుందని కాదు, నడక దూరం తగ్గుతుందని. రాడ్లు సన్నబడేకొద్దీ ఉపరితలం పెరుగుతుంది, హోల్స్ చిక్కుకుపోయే చోట్లూ పెరుగుతాయి. అందుకని ఊరికే సన్నం చేయకండి.

రోగం ఎక్కడుందో తెలియడానికి ఒక పాత ఉపాయం ఉంది. కొలత తీసేటప్పుడు మీ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి మళ్లీ తీయండి. ఉపరితలానికి చేరిన హోల్స్‌ను అది నీటికన్నా చాలా సులువుగా అందుకుంటుంది. కరెంట్ ఒక్కసారిగా లేచిందంటే హోల్స్ గుమ్మం దాకా వస్తున్నాయి, అక్కడ రియాక్షన్ నెమ్మదిగా ఉందని అర్థం. అప్పుడు పైన కోబాల్ట్ లాంటి ఉత్ప్రేరకం వేయండి. కరెంట్ అలాగే పడుకుని ఉంటే హోల్స్ లోపలే చస్తున్నాయి. మళ్లీ ఫర్నేస్ దగ్గరికే వెళ్లాలి. ద్రావణం కలిపేది అరగంట పని, నాలుగు నెలలు మిగులుతాయి.

ఎండకు బదులు వాడే ల్యాంప్‌ను రిఫరెన్స్ సెల్‌తో (కాంతి ఎంతుందో చెప్పే ప్రామాణిక సెల్) సరిచూసి ఎన్నాళ్లయిందో కూడా కనుక్కోండి. చదరపు సెంటీమీటర్‌కు 100 మిల్లీవాట్లు అని అందరం రాసేస్తాం, కొలిచేది కొందరే. ఆటోక్లేవ్‌లో గాజును పూత వైపు కిందికి వాల్చి పెడుతున్నారు కదా? ఏ వైపు పూతో మల్టీమీటర్‌తో ప్రతిసారీ చూడండి. నవ్వకండి, నేను తిరగేసి పెట్టిన రోజులున్నాయి.

ఇంట్లోవాళ్ల సంగతి. 1972లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టవచ్చని చూపించారు. కానీ అది అల్ట్రావయొలెట్‌నే మింగుతుంది, ఎండలో ఆ భాగం నూటికి ఐదు పాళ్లకు మించదు. తుప్పు ఎర్రగా కనిపిస్తోందంటే నీలాన్నీ ఆకుపచ్చనీ మింగేస్తోందన్నమాట. చవక, విషం కాదు, క్షార ద్రావణంలో ఏళ్లు నానినా కరగదు. ఇంతకన్నా వేరే గొప్పలు చెప్పకండి. హెమటైట్ ఒక్కటే హైడ్రోజన్ తీయలేదు, బయటి నుంచి కొంత వోల్టేజీ ఇవ్వాల్సిందే. లెక్క ప్రకారం చదరపు సెంటీమీటర్‌కు సుమారు 12.6 మిల్లీఆంపియర్లు రావాలి, మంచి మంచి నమూనాలు కూడా దానికి చాలా దూరంలో ఉన్నాయి.

ఫర్నేస్‌లో మూడు చోట్ల వేడి కొలిచి, ఒకే బ్యాచ్‌లో ఆరు ముక్కలు చేసి, పెరాక్సైడ్‌తోనూ అది లేకుండానూ కరెంట్ తీసి, ఆ అంకెలు నాకు పంపండి. టాపిక్ మార్చడం గురించి అప్పుడు మాట్లాడదాం.