పీజీకి వైఫై పెట్టే ముందు మీ అత్త మాట ఇను

బిడ్డా,

కరీంనగర్ ఇంటి మేడ మీద అమ్మాయిలకు పీజీ పెడుతున్నవని, వైఫై కూడా నువ్వే చూసుకుంటనన్నవని మీ నాయిన చెప్పిండు. మస్తు సంబురమైంది. మన ఇంట్ల ఆడపిల్ల సొంతంగ ఒక పని మొదలువెట్టుడు చిన్న ముచ్చట కాదు. కాకపోతే "ఏ ఫోన్ ఎవరిదో రౌటర్ల ఎక్కించి పెడ్తదట, బయటోళ్ల ఫోన్ పట్టనే పట్టదట" అన్నడు చూడు, అక్కడ నాకు గుబులు పట్టింది. ఫోన్ల చెప్తే సగం ఇని సగం ఇడిసిపెడ్తవని రాస్తున్న.

తెలిసినయి ముందుగాల. రౌటర్ మూలకు కాదు, నడుమ వరండాల ఎత్తు మీద పెట్టు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బా మీద అచ్చేసింది ఉంచకు. ఇంటోళ్లకు ఒక వైఫై పేరు, పీజీ పిల్లలకు వేరే గెస్ట్ పేరు.

హన్మకొండల మన హాస్టల్‌కు మొదట్ల వైఫై పెట్టినాయన అచ్చం నువ్వనుకున్నట్టే చేసిండు. ఒక్కొక్క పిల్ల ఫోన్ తీసుకొని, దాని మ్యాక్ అడ్రస్, అంటే వైఫైకి ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్, పన్నెండు అక్షరాలు నోట్‌బుక్కుల రాసి, ఆ అడ్రస్‌లకు తప్ప నెట్ రాకుండ రౌటర్ల తాళం ఏసిండు. కొన్నేండ్లు మంచిగనే నడిచింది. కరోనాకు హాస్టల్ మూతపడి మళ్ల తెరిచినంక పిల్లలు కొత్త ఫోన్లతోటి, అప్‌డేట్ అయిన పాత ఫోన్లతోటి దిగిన్రు. పాస్‌వర్డ్ కరెక్టే, నెట్ మాత్రం రాదు. ఇగ ఆ తాళం తీపిచ్చినం. తీపిస్తే రౌటర్ లిస్టు నిండా మాకు తెల్వని అడ్రస్‌లే. మీ మామ అది చూసి, పక్కింటి పిలగాడు మన వైఫై దొంగతనంగ వాడుతున్నడని తేల్చేసిండు. వాళ్లింటికి పోయి, వాళ్లమ్మ ముంగట ఆ పిలగాన్ని నానా మాటలన్నడు. ఇంటర్ చదివే పోరడు. చేతిల చెంబు చేతిలనే పట్టుకొని నిలబడ్డడు గని ఒక్క మాట ఎదురు చెప్పలే.

తర్వాత మన హాస్టల్లనే ఈసీఈ చదివే పిల్ల ఆ లిస్టు అడిగి తీసుకొని, ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చూపిచ్చింది. "ఆంటీ, రెండో అక్షరం చూడుండ్రి. 2, 6, A, E. ఈ నాలుగిట్ల ఏదన్న ఉంటే అది కంపెనీ ఏసిన అడ్రస్ కాదు, ఫోన్ తనే పుట్టిచ్చుకున్నది" అన్నది. అసలు అడ్రస్‌ల మొదటి సగం ఏ కంపెనీ తయారీనో చెప్తది, వీటికి అది ఉండదు. 2019ల ఆండ్రాయిడ్ 10, 2020ల ఐఓఎస్ 14 వచ్చినకాంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో అడ్రస్ చూపెడుతున్నయి. దొంగలనుకున్నయన్నీ మన పిల్లల ఫోన్లే. మీ మామ మళ్ల పోయి తప్పయిందన్నడు. వాళ్లమ్మ పోనీ అన్నది. ఆ పిలగాడు మాత్రం అటెన్క మన గేటు ముంగట నుంచి నడువలే, ఎనుక గల్లీకెళ్లి సుట్టు తిరిగి పోయేటోడు.

అందుకే చెప్తున్న, రౌటర్ లిస్టు చూసి ఎవ్వల మీద నింద ఎయ్యకు. నీ దగ్గరికొచ్చేది హుజూరాబాద్, మంథని, జగిత్యాల నుంచి ఇల్లిడిసి వచ్చే పిల్లలు. ఒక్క మాట తప్పు దొర్లితే వాళ్ల నాయిన తెల్లారి ఆటో తీసుకొనొచ్చి సామాను సదురుకపోతడు.

అట్లని "ఫోన్ తనే పుట్టిచ్చుకునే ఆ ప్రైవేట్ అడ్రస్ బందు చేస్తేనే పీజీల రూము" అని కూడా అనకు. ఈ ముచ్చట్ల నువ్వు నా మాట ఇనాలె. ఇదివరకు ఫోన్ వైఫై కోసం ఎతికేటప్పుడు పోయిన కాడల్లా ఒక్కటే నంబర్ చూపెట్టేది. 2013ల లండన్‌ల రోడ్డు మీది చెత్తడబ్బాలకు యంత్రాలు పెట్టి, పోయేటోళ్ల ఫోన్లు లెక్క రాసిన్రు. గోల అయినంక అక్కడి అధికారులు ఆపిచ్చిన్రు. ఏ పిల్ల ఏ పూట ఏడికి పోతుందో ఆమె ఫోనే చెప్పే రోజులు మళ్ల రావద్దు. పిల్లల అడ్రస్‌లు రాసిన నోట్‌బుక్ నీ ఇంట్ల ఉండనే వద్దు. దానితోటి కాపలా కూడా ఏం లేదు, ఆ అడ్రస్ గాలిల దాపరికం లేకుండనే పోతది, తెలిసినోడు పట్టుకొని తన ఫోన్‌కు ఏసుకోవచ్చు. రౌటర్ల వైఫై భద్రత కాడ డబ్ల్యూపీఏ2 గని డబ్ల్యూపీఏ3 గని పెట్టి పెద్ద పాస్‌వర్డ్ పెట్టు, పిల్ల ఖాళీ చేసినప్పుడల్లా మార్చు. పాస్‌వర్డ్ లేని వైఫై అయితే కొత్త ఐఫోన్లు కొన్నొద్దులకోసారి అడ్రస్ మారుస్తనే ఉంటయి, అది ఇంకో తలనొప్పి.

"నెట్ పట్టింది గని ఏం రావట్లే" అని ఏ పిల్లన్న వస్తే ముందు ఐపీలు, అంటే నెట్ కోసం రౌటర్ ఒక్కో ఫోన్‌కు పంచే నంబర్లు, చూడు. 192.168.1 వరుసల పంచనీకె ఎక్కువల ఎక్కువ రెండు వందల యాభై చిల్లర, కొన్ని రౌటర్లల్ల వందకే కట్టేసి ఉంటది. ఫోన్ అడ్రస్ మారిస్తే రౌటర్ దాన్ని కొత్త ఫోన్ అనుకొని ఇంకో ఐపీ ఇస్తది, పాతది గడువు తీరేదాక ఖాళీ కాదు. పిల్లల వైఫైకి ఆ గడువు రోజంత కాదు, రెండు మూడు గంటలు పెట్టు. రాత్రి నెట్ బందు పెట్టాలంటే ఫోన్ ఫోన్‌కు పెట్టకు, ఆ గెస్ట్ పేరుకే టైమ్ పెట్టు. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనపడకుండ ఐసోలేషన్ కూడా ఆన్ చెయ్యి, మర్చిపోకు.

మీ తమ్ముని టాబ్ సంగతి వేరు. దానికి టైమ్ కట్టాలంటే ఆ ఒక్క టాబ్‌ల, మీ ఇంటి వైఫై ఒక్కదానికే, వైఫై పేరు పక్క గుర్తు నొక్కి ప్రైవసీల డివైస్ మ్యాక్, అంటే కంపెనీ ఏసిన అసలు అడ్రస్, అని పెట్టు. బయట దేనికీ ముట్టకు.

అడ్వాన్సులు తీసుకునుడు జెర ఆపు. ఆదివారం హుజూరాబాద్ మీదికెళ్లి బస్సుకు వస్త, ఇద్దరం కూసొని రౌటర్ సెట్ చేద్దాం. పొద్దటి సంది తినకుండ మెట్లెక్కుడు దిగుడు పెట్టుకున్నవట, మీ అమ్మ చెప్పింది. ముందు బువ్వ తిను.

మీ అత్త