విశాఖ రాళ్ల మీద నడవడానికి ఆరు వేల బూట్లు అక్కరలేదు

కార్తీకమాసంలో నల్లగొండ నుంచి విశాఖపట్నం, భీమిలి వెళ్తున్నామని, ఒడ్డున ఉండే తడి రాళ్ల మీద నడవడానికి ఆరు వేలు పెట్టి ట్రెక్కింగ్ బూట్లు కొనాలా అని అడిగారు. అరవై దాటిన మీ అత్తగారు కూడా వస్తున్నారన్నారు. నా మాట వింటే ఆ ఆరు వేలు చేపలకూ రొయ్యలకూ ఖర్చు పెట్టండి. ఒక్క అల వచ్చి తడిపిందంటే ఆ బూట్లలో చేరిన నీరు సాయంత్రం దాకా బయటికి పోదు. కాళ్లకు బరువు, వేళ్ల మధ్య ఒరిపిడి. వాటి అడుగున ఉండే లోతైన గట్టి పళ్లు మట్టిలో దిగబడి పట్టు ఇస్తాయి గాని, నున్నటి తడి రాయి మీద తక్కువ చోటనే ఆనుతాయి.

మాది అచ్చంపేట. సముద్రం మాకు దూరమే గాని తడి బండ కొత్త కాదు. వానలు పడ్డాక నల్లమలలోని మల్లెలతీర్థానికి వెళ్తే మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగాక అసలు పరీక్ష మొదలవుతుంది, ఎందుకంటే జలపాతం కింద రాళ్లన్నీ పాచి పట్టి ఉంటాయి. హవాయి చెప్పులతో వచ్చినవాళ్లు అక్కడ కూర్చుని దేకడం ఎన్నోసార్లు చూశాను. నేనూ దేకాను. మా నాన్నగారి టైరు చెప్పులు ఎండిన గుట్ట మీద మేకలా పట్టుకునేవి. అదే బండ తడిస్తే ఆయన కూడా వాటిని చేతిలో పట్టుకుని నడిచేవారు. రబ్బరైతే చాలదు, అది మెత్తగా ఉండాలని అప్పుడే తెలిసింది.

కొట్టులో చెప్పు అడుగుభాగం మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోరు కాస్త దిగి, తీయగానే మచ్చ మాయమైతే మంచిది. గోరు జారిపోతే అది గట్టి ప్లాస్టిక్ లాంటిది, వద్దు. స్పాంజిలా తేలికగా, మొత్తం ఒకే అచ్చులో పోసినట్టుండే చెప్పుల్లో చాలా వాటికి గోరు దిగుతుంది గాని తడిలో పట్టు ఉండదు, వాటితో మోసపోకండి. కొట్టువాడు నీళ్లు పోయనివ్వడు కాబట్టి, మార్చి ఇస్తాడో లేదో ముందే అడిగి ఇంటికి తెచ్చుకోండి. బట్టలు ఉతికే బండ మీద నీళ్లు పోసి, గోడ పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి మడమ తిప్పి చూడండి. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఏ రకం కొనాలంటే, మడమ వెనక పట్టీ, ముందు వేళ్లను కప్పే భాగం, పక్కల నీరు పోయే సందులు ఉన్న సాండల్స్ కొనండి. నీళ్లలో వేసుకునే పల్చటి బట్ట బూట్లు ఇసుకలో హాయిగా ఉంటాయి గాని కోసుగా ఉన్న రాయి అరికాలికి గుచ్చుకుంటుంది. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కనుక మీ నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి కొట్లకు పొద్దున కాకుండా సాయంత్రం వెళ్లి కొలత చూసుకోండి.

ఇంట్లో ఉన్న స్పోర్ట్స్ బూట్లు చాలవా అని కూడా అడిగారు కదా. అవి అటక మీద ఎన్నేళ్లుగా ఉన్నాయో ముందు లెక్క వేయండి. గోకర్ణలో కూడ్లె బీచి నుంచి ఓం బీచికి నడుస్తుంటే నా బూటు అడుగు మొసలి నోరులా తెరుచుకుంది. పెళ్లికి కొని, పదిసార్లు కూడా తొడగకుండా దాచిన జత. చున్నీ అంచు చింపి కట్టుకుని కుంటుతూ చేరాను. మా ఆయన ఇప్పటికీ ఆ ఫోటో బంధువులకు చూపిస్తారు. చాలా బూట్లలో అడుగుకూ పైభాగానికీ మధ్య పాలీయురేథేన్ నురుగు పొర ఉంటుంది. వాడకపోయినా గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాన్ని తినేస్తుంది. చూడటానికి కొత్తగానే ఉంటుంది, ఒక రోజు పొడిపొడిగా రాలుతుంది. అందుకే మీ బూట్లను వంచి చూడండి, బయలుదేరే ముందు వారం రోజులు కూరగాయలకు వాటితోనే వెళ్లండి. కొత్త సాండల్స్‌కైనా ఇదే మాట.

మీ అత్తగారి సంగతి వేరుగా చెప్పాలి. మా అత్తమ్మను విశాఖలోని యారాడ బీచికి తీసుకెళ్లినప్పుడు నేను ఊహించని ఇబ్బంది మెట్టెలతో వచ్చింది. మూసిన బూట్లలో తడిసిన వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుని, మెట్టె పక్క వేలిని కోసేసింది. మెట్టెలు తీయమని అడిగే ధైర్యం నాకు లేదు, తీసే ఉద్దేశం ఆమెకు లేదు. అందుకని ముందుభాగం వెడల్పుగా ఉన్నవే కొనండి. రెండోది చీర కుచ్చిళ్లు. అడుగు ఎక్కడ పడుతోందో కనిపించకపోతే ఎంత మంచి చెప్పైనా వ్యర్థం. కుచ్చిళ్లు చీలమండ పైకి దోపుకోవాలి. ఆమెకు షుగరు ఉంటే మాత్రం ఒట్టికాళ్లతో ఒక్క అడుగు కూడా వేయనివ్వకండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి గాయమైనట్టు తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు మీరే చూడండి.

ఇక రాళ్లు. ఎంత డబ్బు పోసినా పచ్చటి నాచు మీద నిలబెట్టే చెప్పు లేదు. నల్లగా తడితడిగా మెరిసే పల్చటి పొర కూడా నాచు లాంటిదే, రాయి రంగు అనుకుని కాలు వేస్తారు. తెల్లటి గరుకు పొక్కుల్లా రాయికి అంటుకుని ఉండేవి గట్టి పెంకు ఉన్న చిన్న సముద్ర ప్రాణులు. వాటి మీద పట్టు బాగుంటుంది, పడితే మాత్రం చేతులు చీరుకుపోతాయి. వీలైనంత వరకు అలలు తాకని పొడి రాళ్ల మీదే ఉండండి.

కార్తీక పౌర్ణమి నాటి సముద్రస్నానం కూడా మీ ఆలోచనలో ఉండవచ్చు. అమావాస్య, పౌర్ణములప్పుడు పోటు ఎక్కువ, ఆటుకు నీరు వెనక్కి పోవడమూ ఎక్కువే. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలకు కొంచెం పైగా పడుతుంది, మర్నాటికి ఆ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం చూడాలనుకుంటే నీరు తీసినప్పుడే వెళ్లాలి. ఆ రోజు వేళ అక్కడి మత్స్యకారులను అడగండి. నిన్న ఇదే సమయానికి ఖాళీగా ఉంది కదా అని లెక్క వేసుకోకండి. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి రాళ్ల మీద నిలబడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

సంచిలో పాత దినపత్రికలు నాలుగు పెట్టుకోండి. సాయంత్రం సాండల్స్‌ను మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. తొందరపడి ఎండలోనో హోటల్లో జుట్టు ఆరబెట్టే యంత్రంతోనో ఆరబెడితే జిగురు వదిలిపోతుంది. అప్పుడు మీరు కూడా చున్నీ వెతుక్కోవాలి.