స్ట్రోక్ తర్వాత మాట పోతే థెరపీ ఏ భాషలో చేయించాలి?

స్ట్రోక్ వచ్చి రెండు నెలలైనా మీ నాన్నగారు "అదే, అదే" తప్ప ఏమీ అనడం లేదని, ఆయనకి మన మాటలు అర్థమవుతున్నాయో లేదో తెలియడం లేదని రాశారు. థెరపీ కన్నడలోనా, తెలుగులోనా అని కూడా అడిగారు. ఇంట్లో ఆయన మాట్లాడింది తెలుగైతే తెలుగులోనే మొదలుపెట్టండి.

మా నాన్నది హిందూపురం. ఇక్కడ బెంగళూరు కె.ఆర్.పురంలో 30 ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు. కొట్లో కన్నడ, ఇంట్లో తెలుగు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట ఆగిపోయింది. చాలామందికి భాషని నడిపే భాగాలు ఎడమవైపే ఉంటాయి, అందుకే ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి. ఈ మాట పోవడాన్ని అఫేసియా అంటారు. నాన్నకి "కాదు" ఒక్కటే మిగిలింది. ఔననాలన్నా కాదే. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి కూడా "టాన్" అని తప్ప దాదాపు ఏమీ అనలేకపోయేవాడు, కానీ ఎదుటివాళ్లు చెప్పింది చాలావరకు గ్రహించేవాడు. ఇది మాకు ముందే తెలిసుంటే బాగుండేది. నాన్న మంచం పక్కనే కూర్చుని కొట్టు అమ్మేద్దామా అని మాట్లాడుకున్నాం. తిరిగి చూస్తే ఆయన కళ్లనిండా నీళ్లు.

మొదట వెళ్లిన ఆస్పత్రిలో ఇంగ్లీషు పేర్లున్న బొమ్మల కార్డులు చూపించేవాళ్లు. నాన్న విసుగొచ్చి తోసేసేవారు. తర్వాత దొరికిన థెరపిస్ట్ కన్నడావిడ, తెలుగు అంతంతమాత్రం. కానీ ఆవిడే "మీ భాషలో మీరు చేయించండి, ఎలాగో నేను నేర్పుతా" అన్నారు. కొట్లో సరుకులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీశాం. బెల్లం చూపించి "బె..." అని ఆగాను. కాసేపటికి "బెల్లం" అన్నారు! మూడు సబ్బులు పెట్టి ఎన్ని అంటే చెప్పలేరు, నేను "ఒకటి, రెండు" అని అందుకుంటే పది దాకా గడగడా చెప్పేసేవారు. నోటికి అలవాటైన అంకెలు, శ్లోకాలు, పాటలు ఇలా మిగిలి ఉండటం ఇందులో మామూలే.

మాట ముద్దగా వస్తున్నా రాయడం, చదవడం బాగానే ఉంటే అది డిసార్థ్రియా కావచ్చు, అంటే నోటి కండరాల ఇబ్బంది. దానికి చేయించే వ్యాయామాలు వేరు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో స్పీచ్ పాథాలజీ విభాగం ఉంది, ఈ రెండిట్లో ఏదో అక్కడ తేల్చుకోండి.

మాట్లాడేటప్పుడు టీవీ ఆపేయండి. ఒకసారికి ఒకే ప్రశ్న. ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే వెంటనే అందించకండి, మా అమ్మకి ఆ అలవాటు మానడానికి నెలలు పట్టింది. 14 నెలలకి నాన్న ఇప్పుడు "నువ్వు... అన్నం... తిన్నావా" అని అడుగుతున్నారు. మొన్న పాలబ్బాయితో రెండు ముక్కలు కన్నడలో కూడా మాట్లాడారు, అది మేమెవ్వరం చేయించలేదు.