కొన్న గన్ సర్వర్‌లో ఎందుకు మాయమైంది?

ప్రశ్న: అన్నా, టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ గేమ్‌లో మెడిక్ (జట్టువాళ్లకు వైద్యం చేసే పాత్ర) ఆడతాను. వాళ్లను హీల్ చేసే క్విక్ ఫిక్స్ గన్ అంటే ప్రాణం. మొన్న మొదటిసారి సిక్సెస్ (జట్టుకు ఆరుగురు ఆడే లీగ్ పోటీ) మ్యాచ్‌కి పిలిచారు. సర్వర్‌లోకి వెళ్లగానే అది పోయి మామూలు మెడిగన్ చేతికొచ్చింది. వాల్వ్ కంపెనీయే ఇచ్చిన ఆయుధాన్ని ఆపడానికి వీళ్లెవరు?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: నీ గన్ ఎక్కడికీ పోలేదు తమ్ముడూ, బ్యాక్‌ప్యాక్‌లో భద్రంగా ఉంది. లీగ్ సర్వర్లలో వైట్‌లిస్ట్ అనే ఫైల్ పెడతారు. అందులో అనుమతి లేనిది తగిలించుకొని వస్తే గేమే దాన్ని తీసేసి, ఆ క్లాసుకు (పాత్రకు) మొదట్నుంచీ ఉన్న ఆయుధం ఇస్తుంది. ఆ సదుపాయం పెట్టింది కూడా వాల్వే.

క్విక్ ఫిక్స్ మీదే ఎందుకంత పగ అంటావా? మామూలు మెడిగన్‌తో ఊబర్ అనే ఛార్జ్ నిండడానికి 40 సెకన్లు పడుతుంది. నిండాక 8 సెకన్లపాటు నీకూ, నువ్వు హీల్ చేసేవాడికీ చావు లేదు. సిక్సెస్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. మనది ముందు నిండితే మీద పడాలి, వాళ్లది నిండితే పాయింట్ (రెండు జట్లూ పట్టు కోసం కొట్టుకునే చోటు) వదిలి వెనక్కి తగ్గాలి. రోమర్ సోల్జర్ (జట్టుకు విడిగా తిరిగే రాకెట్ పాత్ర) ప్రాణాలకు తెగించి అవతలి మెడిక్ మీదకి దూకేదీ ఈ లెక్క తారుమారు చెయ్యడానికే. క్విక్ ఫిక్స్ 40 శాతం వేగంగా హీల్ చేస్తుంది, ఛార్జ్ కూడా త్వరగా నిండుతుంది, సోల్జర్ రాకెట్ జంప్ (తన రాకెట్ పేలుడుతోనే పైకెగరడం) కొడితే మెడిక్ కూడా వెంట ఎగిరిపోతాడు. సగం చచ్చిన టీమ్ చిటికెలో లేచి నిలబడితే ఎదుటివాళ్లు కష్టపడి కొట్టిన దెబ్బలన్నీ వృథాయే కదా!

బలమైనవన్నీ ఆపేస్తారనుకోకు. దెబ్బల బలం పెంచే మెడిక్ గన్ క్రిట్జ్‌క్రీగ్ ఇంకా త్వరగా నిండుతుంది, దాని ఛార్జ్ బాంబులు వేసే డెమోమ్యాన్‌కి పడిందంటే నలుగురు ఒక్కసారే లేచిపోతారు. అయినా దానికి అనుమతి ఉంది. అది వాడితే ఎవరో ఒకరు చస్తారు, ఆట ముందుకు కదులుతుంది. ఆటను సాగదీసేవాటి మీదే లీగులకి కోపం. అయితే జాబితాలోని ప్రతి నిషేధమూ నాకు నచ్చదు. కొన్నిటిని ఉత్త చిరాకుతో ఆపినట్టే ఉంటుంది.

2016 జులైలో వాల్వ్ సొంతంగా కాంపిటీటివ్ మోడ్ తెచ్చింది. ఆయుధాలకి నిషేధాల్లేవు, ఒకే క్లాసు ఎంతమందైనా తీసుకోవచ్చు. లీగ్ ఆటగాళ్లు దాన్ని పట్టించుకోలేదు, తమ జాబితాలు తాము నడుపుకుంటూనే ఉన్నారు.

నువ్వు ముందు క్రూసేడర్స్ క్రాస్‌బో నేర్చుకో. సిక్సెస్‌లో దానికి అడ్డు లేదు, దూరంగా ఉన్నవాడికి ఒక్క బాణంతో 150 దాకా హెల్త్ ఇవ్వొచ్చు. ఎక్కువ ఆయుధాలతో ఆడాలనుంటే తొమ్మిదిమంది ఆడే హైలాండర్ చూడు, అక్కడ నిషేధాలు తక్కువ. మ్యాచ్‌కి ముందు మాత్రం వైట్‌లిస్ట్ ఏదో కెప్టెన్‌ని అడుగు.