మూడో వంతా? మూడు వంతులా?

సందేహం: మా పాప సైన్స్ చార్టు మీద 'భూమిలో మూడో వంతు నీరు' అని రాసింది. మా నాయన చూసి 'మూడు వంతులు అని రాయాలి' అన్నాడు. మూడు వంతులంటే మొత్తం అయిపోయినట్టే కదా అంటుంది పాప. ఏది సరి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

సమాధానం: మీ నాయన చెప్పిందే సరి అమ్మా. మొత్తాన్ని మూడు చేస్తే అందులో ఒకటే మూడో వంతు. కల్లంలో శనక్కాయలు పంచుకునేటప్పుడు 'మూడో పాలు నాది' అంటే మూడు మూటలకు ఒక మూటే వస్తుంది. చార్టు చదివినవాళ్లకు నేల రెండు పాళ్లు, నీరు ఒక పాలు అని అర్థమవుతుంది. ఉన్నది దాదాపు దానికి తిరగబడి.

'మూడు వంతులు' అన్నప్పుడు మొత్తం నాలుగన్నది మనసులోనే ఉంటుంది, పైకి చెప్పం. మూడు వంతుల పని అయిందంటే ఇంకా పావు వంతు మిగిలిందనే ఎవరైనా అనుకుంటారు. ముప్పాతిక, ముప్పావు, ముక్కాలు అన్నీ ఆ లెక్కే. పాపకు వచ్చిన అనుమానం న్యాయమైనదే. 'నాలుగింట మూడు వంతులు' అని పూర్తిగా రాస్తే అది తీరిపోతుంది.

అయితే మన వైపు వంతుకు ఇంకో అర్థం గట్టిగా ఉంది. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద 'మూడో వంతు మాది' అంటే, ముందు ఇద్దరు పారగట్టుకున్నాక మా మడికి నీళ్లు అని. నీళ్ల గురించే రాసే వాక్యం కాబట్టి నేనైతే 'పాలు' అనే రాస్తాను.

ఇక లెక్క. భూగోళం పైభాగం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో సముద్రాలు 36 కోట్ల పైచిలుకు, అంటే 71 శాతం. నాలుగింట మూడంటే 75, మూడింట రెండంటే 67కి కాస్త తక్కువ. మన 71 ఆ రెంటికీ నడుమ పడింది. 'పదింట ఏడు పాళ్లు' అంటే చాలా దగ్గర.

నన్ను ఎక్కువ బాధపెట్టింది 'భూమిలో' అన్న మాట. 'లో' అంటే గోళం లోపలిదంతా కలిసొస్తుంది. సముద్రం సగటు లోతు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. భూమి నడిమధ్యకు 6,371 కిలోమీటర్లు! బరువు చూస్తే నీరు నూటికి ఒక పాలు కూడా రాదు. కాబట్టి 'భూమి పైభాగంలో' అనాలి. 'నీరు' బదులు 'సముద్రం' అంటే ఇంకా మేలు. ఆ 71 శాతం సముద్రాలదే. చెరువులు, నదులు నేల లెక్కలోకి వస్తాయి.

చార్టు మీద ఇలా రాయించండి: 'భూమి పైభాగంలో సుమారు పదింట ఏడు పాళ్లు సముద్రం, మూడు పాళ్లు నేల.' చోటుంటే దాని కింద ఇదీ రాయొచ్చు: 'ఉత్తరార్ధగోళంలో సముద్రం సుమారు ఐదింట మూడు పాళ్లు, దక్షిణార్ధగోళంలో ఐదింట నాలుగు పాళ్లు.'