పాత ఇంజిన్ దించే ముందు

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి పదకొండు దాకా పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. 1977 ఎంజీబీ జీటీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, రబ్బరు బంపర్ల బండి, అడుగున తుప్పు కూడా పెద్దగా లేదు. మంచి బండే దొరికింది నీకు. దాంట్లోని 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసేసి ఎనిమిది సిలిండర్ల రోవర్ వీ8 వేస్తానని, అదీ ఇంటి గ్యారేజీలోనే వేస్తానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం.

ముందే ఒక మాట చెబుతాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కొత్త ఇంజిన్‌ని బండిలో కూర్చోబెట్టడం రెండు రోజుల పని. దాని చుట్టూ ఉన్నవన్నీ దానికి కుదిర్చేసరికి ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలల పనిలో చాలా భాగం పాత ఇంజిన్ బండిలో ఉండగానే చేసుకోవచ్చు, చేసుకోవాలి. ఇంజిన్ దించేశాక గ్యారేజీలో ఆగిపోయిన బండ్లను ఈ బ్రిటన్‌లో ఎన్నో చూశాను. వాటిలో చాలావాటికి యజమాని దగ్గర ఇంజిన్ ఉంది, డబ్బూ ఉంది. కొలతలే లేవు.

నువ్వు తీయబోయే ఇంజిన్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నీ ఎంజీబీలోది ఒకే కుటుంబానివి. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకు తెలిసిన మేస్త్రీ ఒకాయన అంబాసిడర్లలో పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ వేసేవాడు. సెలవుల్లో ఆయన షెడ్డు ముందు నిలబడి చూసేవాణ్ని. పాత ఇంజిన్‌కి పానా తగిలించే ముందు ఆయన చేసే పని ఒకటుంది. ముందున్న పుల్లీ నుంచి వెనక క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే పళ్ల చక్రం) దాకా బండి కింద ఒక దారం లాగి కట్టేవాడు. ఆ దారం పక్కన ఛాసిస్ మీద సుద్దముక్కతో గీతలు గీసేవాడు. ఇంజిన్ ఎంత ఎత్తులో ఉంది, ఎంత వాలుగా ఉంది, మధ్యకు ఎంత పక్కగా ఉంది అన్నీ ఆ గీతల్లో ఉండేవి. పాతది దించాక కొత్తది ఆ గీతలకు తెచ్చి కూర్చోబెట్టేవాడు. ఎక్కడ కూర్చోవాలో బండి చెప్పాలి గానీ నేను చెబితే ఎలారా అనేవాడు.

నువ్వు ఎంచుకున్న ఇంజిన్ మాత్రం ఈ బండికి పరాయిది కాదు. అమెరికాలో బ్యూయిక్ వాళ్లు 1961లో తెచ్చిన అల్యూమినియం వీ8 ఇది. వాళ్లు కొన్నేళ్లకే ఆపేస్తే, 1965లో రోవర్ హక్కులు కొనుక్కుంది. ఆ తర్వాత పెద్ద కార్లలోను, 1970 నుంచి రేంజ్ రోవర్‌లోను వేసింది. ఎంజీ ఫ్యాక్టరీయే 1973 నుంచి 1976 దాకా ఈ 3528 సీసీ ఇంజిన్‌తో 2,591 జీటీలు చేసింది. నీ ఇంజిన్‌ది ఇనప బ్లాకు, దీనిది అల్యూమినియం. అందుకే సిలిండర్లు రెండింతలైనా బరువు దాదాపు అంతే, ముందు భాగం కుంగదు. ఫ్యాక్టరీ వీ8 137 గుర్రాల (హార్స్‌పవర్) శక్తి ఇచ్చేది, నీ దానికంటే చాలా ఎక్కువ. ఇంకో అదృష్టం, రబ్బరు బంపర్ల కాలంలో అన్ని ఎంజీబీల బాడీనీ వీ8 పట్టేలాగే తయారు చేశారు. నేనూ ఇదే పని చేసిన నా ఎంజీబీ 1971 మోడల్, క్రోమ్ బంపర్లది. పక్క రేకులను సుత్తితో లోపలికి కొట్టి చోటు చేసుకోవాల్సి వచ్చింది. నీకు ఆ బాధ లేదు.

ఇప్పుడు పని. మొదటి నెల ఇంజిన్ జోలికి పోకు. బండిని ఉన్నదున్నట్టు రోజూ నడుపు. బ్రేకులు ఒక పక్కకు లాగుతున్నాయా, వెనక స్ప్రింగు పట్టీలు కుంగాయా, స్టీరింగ్‌లో ఆట ఎంత ఉంది, చార్జింగ్ సరిగ్గా ఉందా అన్నీ రాసుకుని ఒక్కొక్కటే బాగుచెయ్. ఇవి ఇప్పుడు చేయకపోతే, వీ8 వేశాక ఏదైనా చప్పుడు వస్తే కొత్త పని వల్ల వచ్చిందో పాత జబ్బో తెలియక తల పట్టుకుంటావు. ముందు బ్రేకులు మాత్రం ఎలాగూ మార్చాలి. ఫ్యాక్టరీ వీ8కి మందమైన డిస్కులు, పెద్ద కాలిపర్లు వేశారు, ఊరికే వేయలేదు. అవి ఇప్పుడే వేసేయ్. పెట్రోల్ గొట్టాలన్నీ కూడా మార్చెయ్. 2021 నుంచి ఇక్కడ బంకుల్లో మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరును అది తినేస్తుంది. వేడెక్కిన వీ8 పక్కన పెట్రోల్ కారిందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇంజిన్ కొనేటప్పుడు నీ చెవులతో విని కొను. బండిలో ఉండగా స్టార్ట్ చేయించి, పూర్తిగా వేడెక్కేదాకా నిలబడు. నాకు మొదట అమ్మినాయన ప్యాలెట్ మీద పెట్టిన ఇంజిన్ చూపించి మొన్నటిదాకా నడిచిందన్నాడు. ఇంటికి తెచ్చి విప్పితే వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీద రెండు లోబ్‌లు (గుడ్డు ఆకారపు ఉబ్బులు) అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఈ ఇంజిన్లలో క్యామ్ అరుగుదల మామూలే, ఆయిల్ మార్చకుండా నడిపితే మరీను. వాల్వ్ కవర్లు తీయనిస్తే లోపల నల్లటి మడ్డి ఎంత పేరుకుందో చూడు. గేర్‌బాక్స్ దాంతోపాటే, బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, క్లచ్‌తో సహా ఒకే బండి నుంచి తీసుకో. రోవర్ ఎస్‌డీ1 కారు నుంచి ఐదు గేర్ల బాక్సుతో కలిపి దొరికితే చాలా తలనొప్పులు తగ్గుతాయి. ఒకటి గమనించు, ముందు ఉండే వాటర్ పంపు పొడవు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. రేడియేటర్‌కు మధ్య చోటు చూసుకోకుండా తేవద్దు.

ఇక కొలతలు. పాత ఇంజిన్ బండిలో ఉండగానే దారం కట్టు, గీతలు గీయి, ఫొటోలు తీయి. ప్రతి వైరుకూ ఒక చీటీ కట్టు. ఇంజిన్ ఎత్తు దగ్గర అందరూ పొరపడేది బానెట్ విషయంలో. పెట్రోల్, గాలి కలిపే ఎస్‌యూ కార్బరేటర్లను ఫ్యాక్టరీ వాళ్లు ఇంజిన్ వెనక వైపుకు తెచ్చి పెట్టింది బానెట్ కింద చోటు చాలకే. నువ్వు నాలుగు నోళ్ల కార్బరేటర్ పెడతానంటున్నావు, దానికి పల్చటి మేనిఫోల్డ్ (కార్బరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే గొట్టాల ముక్క) కావాలి. కుదిరిందో లేదో కళ్లతో చూసి చెప్పలేం. చపాతీ పిండి కలిపి నిమ్మకాయంత ఉండలు నాలుగు చెయ్. ఎయిర్ ఫిల్టర్ మీద నాలుగు మూలలా పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, బానెట్ నెమ్మదిగా దించి గొళ్లెం పడేదాకా నొక్కు. మళ్లీ ఎత్తి ఒక్కో ఉండ మందం కొలువు. పదిహేను మిల్లీమీటర్లకు తగ్గితే వద్దు. నేను చేసినప్పుడు మూడు ఉండలు బాగానే ఉన్నాయి, నాలుగోది అప్పడంలా అయిపోయి దాని మధ్యలో బానెట్ లోపలి పక్క రేకు అంచు ముద్ర పడింది. ఆ ఒక్క మూల కోసం ఇంజిన్ కూర్చునే మౌంటింగులు మళ్లీ చేయించాను.

ఎందుకు పదిహేను అంటే, ఇంజిన్ కదులుతుంది. ఆగి ఉన్నప్పుడు కొలిచిన సందు నడుస్తున్నప్పుడు ఉండదు. ఇది నేను చెప్పేవాటిలో అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది. 1995లో నా బండి మొదటిసారి రోడ్డు మీదికి తెచ్చిన ఆదివారం, మా ఇంటికి మైలు దూరంలో ఒక రౌండబౌట్ ఉంది. లోపలికి తిరిగి యాక్సిలరేటర్ నొక్కాను. చేతిలో స్టీరింగ్ గరగరలాడి ఒక్క క్షణం బిగుసుకుంది. కాలు తీయగానే వదిలేసింది. బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే, కుడి పక్క ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాల ముక్క) మీద గీతలా మెరుస్తోంది. స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్ రాసుకుని మసి ఊడిపోయిన చోటు అది. గ్యారేజీలో అక్కడ చిటికెన వేలు దూరే సందు ఉంది, నేనే పెట్టి చూశాను. కానీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కుడివైపుకు ఒరుగుతుంది, ఇక్కడి బండ్లలో స్టీరింగ్ ఉండేదీ ఆ పక్కే. మీ అత్తయ్య, ఏడాది పాప పక్క సీట్లో ఉన్నారు ఆ రోజు. ఇంటికి నడిచి వచ్చాం.

కాబట్టి ఇంజిన్‌ను మౌంటింగుల మీద బిగించాక, సుత్తికర్ర లాంటి పొడవాటి కర్రతో దాన్ని కుడివైపుకు, కిందికి బలంగా తోసి పట్టుకో. ఇంకొకరు స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాలి. అప్పుడు కూడా వేలు దూరాలి. దూరకపోతే మేనిఫోల్డ్ మార్చాలి తప్ప రాజీ పడకు.

వెనక పక్క సంగతి తొందరగా చెప్పేస్తాను. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కొలిచేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద నేల మీద ఉండాలి. జాకీ మీద ఉంటే వెనక యాక్సిల్ కిందికి వేలాడి కొలత తప్పుతుంది. షాఫ్ట్ లోపలికి జారడానికి రెండున్నర సెంటీమీటర్లు వదిలి చేయించి, తప్పకుండా బ్యాలెన్స్ చేయించు. క్రౌన్ నిష్పత్తి (షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో) నీదిప్పుడు 3.9, ఫ్యాక్టరీ వీ8కి 3.07. పాతదే ఉంచితే మోటార్‌వే మీద ఊరికే అరుస్తుంది, మొదటి గేరు దేనికీ పనికిరాదు.

వేడి గురించి ఒకటే. రేడియేటర్ మధ్య రకంది కాకుండా దొరికినవాటిలో పెద్దది వేయించు, కరెంటు ఫ్యాన్లు రెండూ మంచివి పెట్టు. నీళ్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఇంజిన్ కంటే ఎత్తులో ఉండాలి, లేదంటే గాలి బుడగ ఎక్కడో ఇరుక్కుని ముల్లు మామూలుగానే చూపిస్తూ హెడ్డు కాలిపోతుంది. అల్యూమినియం ఒకసారి అతిగా వేడెక్కితే క్షమించదు.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు నేను లేకుండా తాళం తిప్పకు. ఈ ఇంజిన్ ఆయిల్ పంపుకు ఒక గుణం ఉంది, ఎండిపోయి ఉంటే తనంతట తాను ఆయిల్ లాగదు. పంపు మూత విప్పి పళ్ల చక్రాల మధ్య ఖాళీ అంతా వాజెలిన్‌తో నింపాలి. గ్రీజు వద్దు, అది కరగదు. వాజెలిన్ ఆయిల్‌లో కరిగిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్ మిషన్‌తో పంపు తిప్పి, గేజీలో ప్రెషర్ వచ్చాకే డిస్ట్రిబ్యూటర్ మళ్లీ పెట్టాలి. ప్లగ్గు వైర్ల వరస కాగితం మీద రాసి గోడకు అంటించు: 1, 8, 4, 3, 6, 5, 7, 2. కొత్త క్యామ్ వేసి ఉంటే, ఇంజిన్ స్టార్ట్ అయిన వెంటనే ఇరవై నిమిషాలు, నిమిషానికి రెండు వేల చుట్ల పైన తిప్పాలి, ఐడిల్‌లో వదలకూడదు. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉండాలి, పొగ లోపల నిలవకూడదు.

ఇంజిన్ మారిందని బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి రాయాలి, ఇంజిన్ నంబరు, సీసీ మారినట్టు రసీదులు దాచి పెట్టు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పు. నలభై ఏళ్లు దాటిన బండి, ఎంఓటీ (ఏటా చేసే బండి తనిఖీ) అక్కర్లేదేమో అని చూడకు. అయినా చేయించు. ఇంకో మనిషి కింద దూరి చూడటం మంచిది.

ఇవన్నీ సరే గానీ, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి వెళ్లావని మీ అమ్మ నోటి నుంచి విన్నానంటే ఊరుకోను. స్టాండ్లు పెట్టి, చక్రం కూడా తీసి ఛాసిస్ కింద తోసి, అప్పుడు దూరు. ఒంటరిగా ఉన్న రోజు కింద పని పెట్టుకోకు.

వచ్చే శనివారం పొద్దున్నే వస్తాను. ఇంజిన్ ఎత్తే క్రేన్ తెస్తున్నాననుకుని ఆయిల్ వంచేయకు, క్రేన్ తేవట్లేదు. దారం, సుద్దముక్క, టేపు తెస్తున్నాను. అట్టపెట్టెలు ఉంటే పారేయకుండా ఉంచు, మౌంటింగులకు నమూనాలు కోసుకుందాం. గోధుమ పిండి మీ ఇంట్లో ఉంటుందిగా. అత్తయ్య ఆవకాయ సీసా పంపిస్తోంది, అమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య