డబ్బుల గడి లేని వెబ్ ఆప్షన్ల లిస్టు పనికిరాదు

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయికి తెలంగాణ ఈఏపీసెట్‌లో ఇరవై ఎనిమిది వేల ర్యాంకు వచ్చింది. మేం బీసీ-డి. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. పెద్ద కాలేజీలు, మామూలు కాలేజీలు కలిపి వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి? ఎన్ని పెట్టాలి?"

వెబ్ ఆప్షన్లంటే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మనకు కావాల్సిన కాలేజీలను వరసగా ఎక్కించే లిస్టు. అందులో ఎన్ని పెట్టాలన్నది సమస్యే కాదండీ. వంద పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు. పెట్టిన ప్రతి కాలేజీకీ నాలుగేళ్లపాటు డబ్బు కట్టగలరా లేదా అన్నదే చూసుకోవాలి. కట్టలేని కాలేజీని "వస్తే అప్పుడు చూద్దాంలే" అని లిస్టులో పెట్టడం కన్నా పెద్ద ప్రమాదం కౌన్సెలింగ్‌లో ఇంకోటి లేదు. సాఫ్ట్‌వేర్‌కు మీ ఇంటి సంగతి తెలియదు. పైనుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు మొదట దొరికిన సీటు ఇచ్చేస్తుంది. దాని కింద మీరు ఎంత జాగ్రత్తగా పేర్చుకున్నా ఆ విడతలో ఇక వాటి జోలికే పోదు.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. మేం బీసీ-బి. నేను ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ చేసి ఇప్పుడు కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా చెల్లెకు ఎంసెట్‌లో (ఈఏపీసెట్ పాత పేరు) ఇరవై వేల పైచిలుకు ర్యాంకు వచ్చినప్పుడు ఆప్షన్లు పెట్టింది నేనే.

ఆప్షన్ల గడువు మర్నాటితో ముగుస్తుందనగా రాత్రి ముందుగదిలో చాప వేసుకుని కూర్చున్నాం. చెల్లె చేతిలో లాంగ్ నోట్‌బుక్, నా ఒళ్లో ల్యాప్‌టాప్. అమ్మ ఓ పక్కన తునికాకు కత్తిరిస్తూ వింటోంది. హైదరాబాద్ నుంచి మా చిన్నాయన ఫోన్‌లో ఉన్నాడు. స్పీకర్ పెట్టాం. ఆయన మాట ఒక్కటే: "అన్నీ హైదరాబాద్ కాలేజీలే పెట్టుండ్రి. ఊర్లల్ల చదివితే కంపెనీలు రావు."

ఆయన చెప్పినవాటిలో ఒక కాలేజీ మా ర్యాంకుకు అంచున ఉంది. కిందటేటి లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్‌లో, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే పట్టికలో, బీసీ-బి అమ్మాయిల గడిలో మా ర్యాంకు కన్నా కాస్త పెద్ద అంకె కనిపించింది. అది కూడా కంప్యూటర్ సైన్సులో. అంటే సీటు వచ్చే అవకాశం బాగానే ఉన్నట్టు. చెల్లె ఆ కాలేజీని ఒకటో నంబరు మీద రాసేసుకుంది.

నేను ఆ పొద్దున్నే ఆ కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి ఉన్నాను. ఎత్తినామె మొదట "ఫీజు వెబ్‌సైట్‌లో ఉంది సార్" అని పెట్టేయబోయింది. ఆగమని ఒక్కొక్కటే అడిగాను. ట్యూషన్ ఫీజు లక్షా ఇరవై వేలు. హాస్టల్ ఏసీ లేకుండా ఎనభై వేలు, మొత్తం ఒకేసారి కట్టాలి. యూనివర్సిటీ ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి పది వేలు దాటుతాయంది. "ట్రైనింగ్ ఫీజు అని ఏమైనా ఉంటుందా మేడం?" అంటే, "అది సెకండియర్‌లో చెప్తారు సార్" అంది.

అదంతా నోట్‌బుక్‌లో చెల్లె చేతనే రాయించాను. లక్షా ఇరవైలోంచి సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలు తీసేస్తే 85 వేలు. హాస్టల్ 80 వేలు. మిగతావి పది వేలకే పట్టుకున్నాం. ఏడాదికి లక్షా డెబ్బై ఐదు వేలు, నాలుగేళ్లకు ఏడు లక్షలు. బస్సు ఛార్జీలు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ దీంట్లో లేవు. ఫోన్‌లో చిన్నాయన "లోన్ తీసుకోవచ్చు గదరా" అన్నాడు. అమ్మ కత్తెర ఆపి, "మొదటేడు సంఘంల లోన్ తీస్త. రెండోయేడు ఎవలిస్తరు?" అంది.

బాపు అప్పటిదాకా ఏమీ అనలేదు. అన్నీ విని ఒకటే అడిగాడు. "సర్కారు పైసలు ఎల్లకపోతే ఆ ముప్పై ఐదు వేలు గూడ మననే కట్టుమంటరా?"

కట్టమంటారు. నా కోర్సు అయిపోయాక నా రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు ఒరిజినల్ మెమోలు ఆపేశారు. ఉద్యోగంలో చేరడానికి అవి కావాలి కాబట్టి బాపు అప్పు తెచ్చి కట్టాడు. ఆ తర్వాత ఎప్పటికో డబ్బు పడింది, తిరిగి ఇవ్వడానికి కాలేజీ చుట్టూ తిప్పించుకున్నారు. తెలంగాణలో ఈ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం అందరికీ తెలిసిందే. వాటికోసం ప్రైవేటు కాలేజీలు బంద్‌లు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం అందరం ఆ 35 వేలు జేబులో ఉన్నట్టే లెక్క వేసుకుంటాం.

చెల్లెకు కోపం వచ్చింది. "మరి ఈ ర్యాంకు ఎందుకు తెచ్చుకున్న?" అని పెన్ను కింద పెట్టేసింది. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ పేరు కొట్టేశాం. ఒకటో నంబరు నుంచి కిందికి దించడం కాదు, లిస్టులోంచే తీసేశాం. ఆ తర్వాత నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి ప్రతి కాలేజీ ముందూ మూడు గడులు గీశాం: కిందటేటి లాస్ట్ ర్యాంకు, రీయింబర్స్‌మెంట్ వస్తే ఏడాదికి మన చేతి నుంచి పోయేది, రాకపోతే పోయేది. సేఫ్ కాలేజీ అంటే ర్యాంకు అంత బాగా లేకపోయినా సీటు వచ్చేది అని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో మూడో గడిలో ఉన్న అంకెను చూసి కూడా ఇంట్లోవాళ్లు భయపడనిదే సేఫ్ కాలేజీ. అలాంటివి లిస్టు చివర కనీసం నాలుగైదు ఉండాలి.

ఈ లెక్కలో ఒక మంచి విషయం బయటపడింది. రాష్ట్రంలో అందరూ ఎగబడే వాటిలో కొన్ని ఖరీదైనవి కావు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ రెగ్యులర్ సీట్ల ఫీజు పెద్ద ప్రైవేటు కాలేజీల ఫీజులో సగం కూడా ఉండదు. కాబట్టి రాదని తెలిసినా వాటిని మొదట పెట్టండి, పోయేదేమీ లేదు. వాటి వెనకే జేఎన్‌టీయూ వాళ్లవే జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల కాలేజీలు, కాకతీయ యూనివర్సిటీ వాళ్ల వరంగల్ కాలేజీ పెట్టండి. వరంగల్‌లో కాకతీయ వాళ్లదే అమ్మాయిలకు ప్రత్యేకంగా ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దాన్ని చాలామంది చూడనే చూడరు. ఒక్కటి గమనించండి. యూనివర్సిటీ కాలేజీల్లో కూడా సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లుంటాయి, వాటి ఫీజు వేరు. స్టేట్‌మెంట్‌లో కాలేజీ టైప్ అనే గడి చూసి, రెగ్యులర్ సీటో కాదో తేల్చుకున్నాకే కాలేజీ కోడ్ రాసుకోండి. ట్యూషన్ ఫీజు కూడా అదే పట్టికలో చివర్లో ఉంటుంది. ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ తర్వాతే ప్రైవేటువి. అందులోనూ ఇంటి నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో పోయి రాగలిగేవి ముందు. తల్లిదండ్రులు ట్యూషన్ ఫీజులో పది వేల తేడా గురించి గంటలు గంటలు మాట్లాడతారు. హాస్టల్ మాట వచ్చేసరికి "అది ఎట్లాగూ తప్పదు" అని వదిలేస్తారు. నా అనుభవంలో ఇంటిని కుంగదీసేది హాస్టలే. మీరు ఏ ఊరో రాయలేదు. మీకు బస్సులో గంట, గంటంపావులో పోగలిగే కాలేజీలు ఏమేం ఉన్నాయో ముందు అవి రాసుకోండి.

బ్రాంచి గురించి కూడా ఒక మాట. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్సు), దాని వెనక ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తోకలు తగిలించి ఒక్కో కాలేజీ వందల సీట్లు తెచ్చుకుంటోంది. పాఠం చెప్పడానికి మనిషి ఉన్నాడా అని అడిగేవాళ్లు లేరు. ఆ తోకల కోసం ఎక్కువ ఫీజు కట్టడం కన్నా యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్) చదవడం నయం. మా చెల్లెకు మొదటి విడతలోనే జగిత్యాల జేఎన్‌టీయూలో ఈఈఈ వచ్చింది. కొండగట్టు దగ్గర, నాచుపల్లిలో ఆ క్యాంపస్. హాస్టల్ లోపలే, మెస్ ఖర్చు బయటి హాస్టళ్లతో పోలిస్తే చాలా తక్కువ. చిన్నాయన కొన్నాళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు చెల్లె ఫైనలియర్. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కూ, కరెంటు సంస్థల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకూ చదువుతోంది. ఇంటి మీద తన చదువు తాలూకు అప్పు లేదు.

రీయింబర్స్‌మెంట్ నియమాలు మీకు తెలిసే ఉంటాయి, అయినా సరిచూసుకోండి. బీసీ, ఈబీసీలకు పది వేలలోపు ర్యాంకైతే మొత్తం ఫీజు, దాటితే 35 వేలే. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పనిలేకుండా మొత్తం ఫీజు. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మేనేజ్‌మెంట్ కోటా (బీ కేటగిరీ) సీటుకు గానీ, చివర్లో కాలేజీలో జరిగే స్పాట్ అడ్మిషన్‌కు గానీ పైసా రాదు. ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి మీకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, బీ కేటగిరీలో డిస్కౌంట్ ఇప్పిస్తాం, ఇవాళ సీటు బ్లాక్ చేసుకోండి" అంటారు. మన నంబర్లు వాళ్లకు ఎవరిస్తున్నారో గానీ, పద్దెనిమిదేళ్ల పిల్లల భవిష్యత్తును వేలంలో పెట్టే ఈ బ్రోకర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రీయింబర్స్‌మెంట్ పోయిన ఆ "డిస్కౌంట్" సీటు కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటు కన్నా ఎప్పుడూ ఖరీదే. ఆంధ్రలో పద్ధతులు వేరు, అక్కడి యూట్యూబ్ వీడియోలు చూసి ఇక్కడి లెక్క వేసుకోవద్దు.

మీ అమ్మాయి జేఈఈ మెయిన్ కూడా రాసి ఉంటే ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు జరిగే జోసా కౌన్సెలింగ్ వదలకండి. ఎన్‌ఐటీ ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా ఇరవై ఐదు వేలని చూసి మాలాంటి ఇళ్లవాళ్లు వెనక్కి పోతారు. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ఆ ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ, అంటే కట్టాల్సింది 42 వేల లోపే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో సంబంధం లేకుండా మొత్తం మాఫీ. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. ఇంటర్‌కు లక్షలు గుంజిన కార్పొరేట్ కాలేజీలు ర్యాంకుల ఫ్లెక్సీలు కడతాయి గానీ ఈ ఒక్క ముక్క తల్లిదండ్రులకు చెప్పవు. నేను చదువుకునే రోజుల్లో నాకూ ఎవరూ చెప్పలేదు.

అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కూడా ఉంది. ఎంపికైతే ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఫస్టియర్‌లో చేరిన వెంటనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కానీ అందరికీ రాదు కాబట్టి దాన్ని మీ లెక్కలో కలపకండి. వస్తే ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు.

రెండో విడతలో మాత్రం చాలా జాగ్రత్త. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చితే, దానికన్నా నిజంగా మేలైనవే మళ్లీ పెట్టండి. కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే పోతుంది, తిరిగి అడిగినా ఇవ్వరు. మా పక్కింటి అబ్బాయి మంథనిలో వచ్చిన సీటు ఉండగా సరదాగా ఇంకో పది ఆప్షన్లు పెట్టాడు. హైదరాబాద్ శివార్లలో లక్ష ఫీజున్న కాలేజీ తగిలింది, మంథని సీటు పోయింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని మీ సేవకు పోయి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టడం. ఈ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చినదే చెల్లుతుంది, కౌన్సెలింగ్ రోజుల్లో తహసీల్దార్ ఆఫీసుల్లో రద్దీ బాగా ఉంటుంది. అది చేతికొచ్చేలోగా నోట్‌బుక్‌లో ఆ మూడు గడులూ నింపండి. ఆప్షన్లు ఎక్కించాక ఫ్రీజ్ చేసేముందు ప్రింట్ తీసి, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కోడ్లు ఒక్కొక్కటే నోట్‌బుక్‌తో సరిచూడండి. పేర్లు దగ్గరదగ్గరగా ఉండే కాలేజీలు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి.